గున్నిల్డ అంటే పలికేది ఇద్దరమే

మా ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లను ఒక్క చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మనుషులు కావలసినంత మంది ఉన్నారు, పేర్లే అయిదు. ఆలిస్‌లు ఏడుగురు, మటిల్డలు ఆరుగురు, ఆగ్నెస్‌లు నలుగురు, ఎమ్మలు ముగ్గురు, జోన్‌లు ముగ్గురు. వీధిలో నిలబడి ఆలిస్ అని కేక వేస్తే ఒక గుంపు వెనక్కి తిరిగి ఏమిటంటుంది. అందుకని పొడుగు ఆలిస్, నత్తి ఆలిస్, వంతెన ఆలిస్ అని ముందొక మాట తగిలించుకుంటాం. మగవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. వాళ్ళలో సగం మంది విలియమ్‌లే.

ఇదంతా జ్ఞానతల్లుల పుణ్యం. చర్చిలో జ్ఞానస్నానం రోజున తొట్టి నీళ్ళలోంచి బిడ్డను ఎత్తుకున్న మనిషే తన పేరు పెడుతుంది. మరి ఆ పనికి ఎవరిని పిలుస్తారు? రేపు పిల్లకు ఒక గొర్రెపిల్లనో గుడ్డముక్కనో ఇవ్వగలిగినవాళ్ళను పిలుస్తారు. మునసబు భార్య మటిల్డ ఒక్కతే నలుగురు మటిల్డలను తయారు చేసింది. కలిగినవాళ్ళ పేర్లు అలా పిల్లల్ని పెట్టుకుంటూ పోయాయి. లేనివాళ్ళ పేర్లు వాళ్ళతో పాటే మట్టిలో కలిశాయి.

అలా కలిసిపోగా మిగిలిన పాతపేరు ఒక్కటే ఉండేది. గున్నిల్డ. ఎప్పుడో సముద్రం దాటి మా లింకన్ పట్టణం వైపు వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఆడపిల్లలకు ఉండేదట ఆ పేరు. నేను పుట్టేనాటికి అది మా ఎదురింటి ఆవిడకు మాత్రమే ఉంది. నేను పుట్టిన మధ్యాహ్నం నుంచి ఇద్దరికి అయింది. ఆ పేరు పిలిస్తే ఊరంతటిలో తిరిగేవి రెండే తలలు, ఆవిడదీ నాదీ. ఇప్పుడు నన్ను అందరూ మటిల్డ అంటారు. ఆ మార్పు ఎవరో బలవంతంగా చేసింది కాదు, నేను అడిగి చేయించుకున్నది. ఈ కథలో నేను మంచిదాన్ని కాదని ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

గున్నిల్డ దొరగారి పాలశాలలో పనిచేసేది. తెల్లవారక ముందే ఆవులు పితికి, పగలంతా జున్ను పిండి, ఉప్పు పూసి, చెక్కల మీద తిప్పిపెట్టేది. ఆవిడ చేతులు ఎప్పుడూ పుల్లటి పాలవిరుగుడు వాసన వేసేవి. మనిషి పొడుగు, నడక వడి. నవ్వు వస్తే నోటితో కాక ముక్కుతో నవ్వేది. తల్లీ తండ్రీ ఒకే చలికాలంలో జ్వరంతో పోయారు. ఇరవై ఆరేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. ఒంటిగది ఇల్లు, ఒక ఆవు, మా గుమ్మానికి ఎదురుగా గుమ్మం. మా అమ్మ అవీస్, ఆవిడా చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నారు. అమ్మకు పెళ్ళయి మా అన్న ఆడమ్ పుట్టాక కూడా, రోజుకొకసారి గున్నిల్డ వచ్చి కూర్చుని పోకపోతే అమ్మకు తోచేది కాదట.

నేను పుట్టింది ఎండుగడ్డి కోతల్లో. ఎండ బాగా ఉందని దివాను ఊరందరినీ దొరగారి గడ్డిమైదానంలోకి తోలాడు. మంత్రసాని పక్క ఊళ్ళో ఎవరికో నొప్పులని వెళ్ళింది. అమ్మకు ఇంకా నెల్లాళ్ళు ఉందనుకున్నారు. మధ్యాహ్నం గున్నిల్డ పాలశాల నుంచి నీళ్ళ కుండ కోసం ఇంటికి వచ్చినప్పుడు మా ఇంట్లోంచి మూలుగు వినిపించింది. వచ్చి చూస్తే అమ్మ నేల మీద ఉంది. నాలుగేళ్ళ ఆడమ్ తలుపు మూల నిలబడి వేలు చీకుతున్నాడు.

నేను నీలంగా పుట్టాను, ఏడవలేదు. గున్నిల్డ కాళ్ళు పట్టుకుని తిప్పింది, వీపు మీద చరిచింది, నోట్లో వేలు పెట్టి తీసింది. ఊపిరి లేదు. నీళ్ళు పడకుండా పోయిన బిడ్డకు చర్చి ఆవరణలో చోటు ఉండదు, గోడ అవతల పాతిపెడతారు. అలాంటి సమయంలో ఎవరైనా నీళ్ళు పోయవచ్చు, ఆ మాటలు మా అందరికీ ఫాదర్ నేర్పించే ఉంచుతాడు. ఆవిడ కుండలో నీళ్ళు నా తల మీద పోసి, తండ్రి, కుమార, పవిత్రాత్మల మాటలన్నీ అంది. మధ్యలో పేరు చెప్పాల్సిన చోటు వచ్చింది. అనుకున్న ప్రకారం నన్ను ఎత్తుకోవలసింది మునసబు భార్య, నాకు రావలసిన పేరు మటిల్డ. కాని ఆ క్షణంలో ఆవిడ నోటికి వచ్చింది తన పేరే. నీళ్ళ చలికో, ఆ పేరుకో, నేను ఏడ్చాను.

అమ్మకు మాత్రం నెత్తురు ఆగలేదు. కళ్ళు మూతలు పడుతుంటే రెండుసార్లు అడిగిందట.

“మాటలన్నీ అన్నావా?”

“అన్నీ అన్నానే. ఒక్కటీ వదల్లేదు. నీ కూతురికి స్నానం సరిగ్గా అయింది.”

అమ్మ అది విని సరే అంది. నాన్న గడ్డికోత కొడవలి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేసరికి ఆమె లేదు. ఊళ్ళో అవీస్ అనే పేరూ ఆమెతోనే పోయింది.

మర్నాడు నన్ను చర్చికి తీసుకువెళ్ళారు. అప్పటి ఫాదర్ ముసలివాడు, ఆయన గడ్డి కూడా ఎండలో ఉంది. నీళ్ళు పోశావా అని గున్నిల్డను అడిగాడు. పోశానంది. మిగిలిన తంతు, ఉప్పు పెట్టడం, నూనె రాయడం, గబగబా ముగించి పంపేశాడు. మునసబు భార్య పెదవి బిగించుకుని నిలబడింది. కొత్త బట్ట కుట్టించుకుని మరీ సిద్ధపడిందట పాపం, తన పేరు పెట్టే పిల్ల చేజారిపోయింది.

రెండేళ్ళు గడిచాయి. గున్నిల్డ రోజూ పాలు తెచ్చి నా నోట్లో పోసింది, ఆడమ్‌కు బట్టలు కుట్టింది, నాన్నకు అంబలి కాచిపెట్టింది. మా నాన్న రాల్ఫ్ పెద్ద మాటకారి కాదు. నాగలి పట్టే మనిషి, ఎద్దులతో మాట్లాడినంత కూడా మనుషులతో మాట్లాడడు. అలాంటివాడు ఆవిడ వచ్చే వేళకు గుమ్మంలో నిలబడి ఉండేవాడని ఊరంతా చెప్పుకుంది. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి మనసు పడింది. అందులో తప్పు పట్టేవాళ్ళు కూడా లేరు. పిల్లలకు తల్లి కావాలి, ఆవిడకు ఇల్లు కావాలి.

ఒక్కటే అడ్డం. జ్ఞానతల్లికీ ఆ బిడ్డ తండ్రికీ పెళ్ళి కుదరదు, వాళ్ళు అన్నాచెల్లెళ్ళ లెక్క. అయితే అది చర్చిలో తొట్టి దగ్గర ఎత్తుకున్నవాళ్ళకేనని, ఇంట్లో కంగారులో నీళ్ళు పోస్తే చుట్టరికం పడదని కొందరు అనేవాళ్ళు. మా నాన్న ఆ కొందరి మాట నమ్మాడు. గున్నిల్డా నమ్మింది. నమ్మాలని ఉన్నప్పుడు ఏ మాటైనా నిజంగానే వినిపిస్తుంది.

పెళ్ళి సంగతి చర్చిలో మూడు ఆదివారాలు చదవాలి. మొదటి ఆదివారమే మునసబు భార్య లేచి నిలబడి, ఆ ఆడమనిషి ఆ పిల్లకు జ్ఞానతల్లి అని చెప్పి కూర్చుంది. అప్పటికి ముసలి ఫాదర్ పోయి, గిల్బర్ట్ అనే కొత్త ఫాదర్ వచ్చాడు. ఆయన చదవడం ఆపి, ప్రార్థన అయ్యాక ఇద్దరినీ చర్చి వాకిట్లోకి పిలిచాడు. అప్పుడు అక్కడ తలుపు వెనక చెప్పులో రాయి తీసుకుంటూ బీరు కాచే ఎమ్మ ఉంది. మా ఊళ్ళో ఏ ముఖ్యమైన మాట జరిగినా ఎమ్మ చెప్పులో రాయి పడుతుంది. ఈ సంగతి నాకు పదహారో ఏట చెప్పింది ఆమే.

ఫాదర్ గిల్బర్ట్ చెడ్డవాడు కాదు. ఇంట్లో పోసినా చుట్టరికం పడుతుందని, అందులో తను చేయగలిగింది లేదని చెప్పాడు. చెప్పి, గున్నిల్డ వైపు చూసి నెమ్మదిగా అన్నాడు.

“అమ్మాయ్, ఆ రోజు నువ్వు ఒక్కదానివే ఉన్నావు. కంగారులో ఉన్నావు. మాటలు తడబడి ఉండొచ్చు, ఒకటో అరో మర్చిపోయి ఉండొచ్చు. అలా అయితే ఆ స్నానం చెల్లదు. పిల్లకు నేను ఇవాళే మళ్ళీ పోస్తాను. మీ ఇద్దరికీ ఏ చుట్టరికం ఉండదు.”

దారి చూపించాడన్నమాట. నాన్నకు కూడా అర్థమైంది. ఆవిడ మొహంలోకే చూస్తున్నాడట.

“అన్నీ అన్నానండి,” అంది గున్నిల్డ.

“ఆలోచించుకుని చెప్పు, గున్నిల్డా,” అన్నాడు నాన్న.

“ఆలోచించే చెప్తున్నా రాల్ఫ్. ఒక్క మాట కూడా పోలేదు.”

నాన్న టోపీ పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ తరవాత చాలా ఏళ్ళు ఆవిడతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. మళ్ళీ పెళ్ళీ చేసుకోలేదు.

ఇక్కడ ఊరు ఊరుకుంటుందా? మా ఊళ్ళో ముగ్గురు రాల్ఫ్‌లు. ఒకడు మిల్లు రాల్ఫ్, ఒకడు పొట్టి రాల్ఫ్. మా నాన్నకు ముందు తగిలించడానికి అప్పటిదాకా ఏ మాటా దొరకలేదు. ఇప్పుడు దొరికింది. గున్నిల్డ రాల్ఫ్. బీరు తాగేచోట మొదలై, దున్నే చోటికి పాకి, చివరికి కచేరీ దాకా వెళ్ళింది. పొలం గట్టు తగాదా ఒకటి దొరగారి కచేరీకి వచ్చినప్పుడు, ఏ రాల్ఫ్ అని గుమాస్తా అడిగాడు. గున్నిల్డ రాల్ఫ్ అని ఎవరో అన్నారు. పన్నెండు మంది పెద్దమనుషులూ నవ్వారు. నాన్న ముందుకు వచ్చి గట్టిగా చెప్పాడు.

“నాకూ ఆవిడకీ ఏ సంబంధం లేదు. నా తండ్రి ఆస్బర్ట్. ఆయన పేరు రాసుకోండి.”

గుమాస్తా ఆస్బర్ట్ కొడుకు రాల్ఫ్ అని రాసుకున్నాడు. ఆ వేళకు గున్నిల్డ దివాను భోజనానికి జున్ను పట్టుకుని వెనక తలుపు దగ్గరే నిలబడి ఉంది. జున్ను బల్ల మీద పెట్టి, కత్తి పక్కన పెట్టి, పాలశాలకు వెళ్ళిపోయిందట.

అయినా నన్ను వదల్లేదు. జ్ఞానతల్లి బాధ్యత అని రోజూ వచ్చేది. నేను ఆవిడను పిన్నీ అనేదాన్ని. పొద్దున పాలు పితకడం అయ్యాక వచ్చి నాకు తల దువ్వి, జడ వేసి, ప్రార్థన చెప్పించి పోయేది. ఆవిడ అడుగు వినిపించగానే నాన్న పెరట్లోకి వెళ్ళేవాడు. ఆవిడ వెళ్ళాక వచ్చేవాడు. మా ఇంట్లో రెండు ముక్కాలిపీటలు ఉండేవి. ఆవిడ ఎన్నడూ వాటి మీద కూర్చోలేదు. నిలబడే జడ వేసేది. చిన్నప్పుడు నాకది వింతగా తోచలేదు. పిన్నులంతా నిలబడే ఉంటారు కాబోలు అనుకున్నాను.

పేరు సంగతి మాత్రం నన్ను తినేసింది. ఊళ్ళో నా ఈడు పిల్లలు ఆలిస్‌లూ మటిల్డలూ. నాకేమో ముసలమ్మ పేరు. గున్నిల్డా, నీ పళ్ళు ఊడాయా అని అడిగేవాళ్ళు. గున్నిల్డా, నీ ముని మనవలు బాగున్నారా అనేవాళ్ళు. వాళ్ళకు కోపం నా మీద కాదు, నేను తేలిగ్గా ఏడుస్తానని అంతే. కాని పదేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద కష్టం ఏముంటుంది. ఆ పేరే లేకపోతే నేను కూడా వాళ్ళ గుంపులో కలిసిపోతానని గట్టిగా అనుకున్నాను.

అప్పుడే లింకన్ బిషప్ మా దారిన వెళుతున్నాడని కబురు వచ్చింది. జ్ఞానస్నానాన్ని గట్టిపరచే నూనెను బిషప్ చేత నుదుట రాయించుకోని పిల్లలందరినీ రోడ్డు దగ్గరికి తీసుకురమ్మన్నారు. బిషప్ తలుచుకుంటే ఆ సమయంలో పేరు మార్చవచ్చునని మా పిల్లలందరికీ తెలుసు. నీళ్ళు పోసిన జ్ఞానతల్లి ఆ రోజు పిల్లను పట్టుకోకూడదు, వేరే మనిషి కావాలి. నేను ఎవరికీ చెప్పకుండా మునసబు ఇంటికి వెళ్ళి, ఆవిడను నన్ను పట్టుకోమని అడిగాను. ఆవిడ సరేనంది. తరవాత ఒక తేనె రొట్టె చేతిలో పెట్టింది. పదేళ్ళ కిందట చేజారిన పిల్ల తనంతట తనే గుమ్మంలోకి వచ్చింది మరి.

నూనె రాశాక నుదుటికి నారబట్ట పట్టీ కట్టాలి. మూడు రోజులు విప్పకూడదు. ఆ పట్టీ గున్నిల్డ నేసింది. చలికాలమంతా నార వడికి, తెల్లగా ఎండబెట్టి, అంచుకు నీలం దారం కుట్టింది. రోడ్డు పక్కన తడిగడ్డిలో దాన్ని మడిచి పట్టుకుని నిలబడింది. బిషప్ గుర్రం దిగలేదు. వంగి, ఒక్కొక్క నుదుటి మీద బొటనవేలు ఆనిస్తూ వస్తున్నాడు. మా దగ్గరికి వచ్చి పేరడిగాడు. మటిల్డ అని చెప్పింది మునసబు భార్య. పక్కనున్న కుర్ర పూజారి ఒకడు, ఇదివరకటి పేరేమిటని అడిగాడు. నేను చెప్పలేదు. మునసబు భార్యే చెప్పింది. బిషప్ చిన్నగా నవ్వి, మటిల్డ అనే అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. గున్నిల్డకు అంతా వినిపించింది. దగ్గరికి వచ్చి, నూనె చెదరకుండా పట్టీ జాగ్రత్తగా కట్టి, వెనక ముడి వేసింది.

“బిగుతుగా ఉందా మటిల్డా?” అని మాత్రం అడిగింది.

లేదన్నాను. ఊళ్ళో అందరికంటే ముందు ఆ పేరుతో నన్ను పిలిచింది ఆవిడే. మూడు రోజులు ఆవిడ నార నా నుదుట ఉంది, మరొకావిడ పేరు నా మీద ఉంది. పిల్లలు వేళాకోళం మానేశారు. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. వీధిలో మటిల్డా అని ఎవరైనా పిలిస్తే ఏడుగురం తిరిగేవాళ్ళం, పిలిచింది నన్ను అయ్యేది కాదు.

ఎమ్మ నాకు చర్చి వాకిలి సంగతి చెప్పింది ఆ తరవాత ఆరేళ్ళకు. బీరు కోసం వెళితే, కుండ నింపుతూ దెప్పింది. నీకేం తల్లీ, నీ పేరు కోసం ఒకతె మొగుణ్ణి వదులుకుంది, నువ్వేమో తేనె రొట్టెకు దాన్ని వదిలేశావు అంది. అర్థం కాలేదంటే మొత్తం చెప్పింది. కుండ అక్కడే పెట్టి పాలశాలకు వెళ్ళాను. గున్నిల్డ జున్నుకు ఉప్పు రాస్తోంది. ఎందుకు అబద్ధం చెప్పలేదని అడిగాను. ఒక్క మాట తడబడిందంటే సరిపోయేది, నాన్న దక్కేవాడు, నాకు అమ్మ దక్కేది, ఇంత బతుకు ఒంటరిగా బతకక్కర్లేకపోయేది అని నిలదీశాను. నాకు కోపంగా ఉంది. కోపం నా మీదే అయినా ఆవిడ మీద చూపించాను.

ఆవిడ పని ఆపలేదు.

“మీ అమ్మ రెండుసార్లడిగింది. అన్నీ అన్నాను, సరిగ్గా అయింది అని చెప్పా. ఆ మాట పట్టుకుని పోయింది. రెండేళ్ళు పోయాక నాకు మొగుడు కావల్సొచ్చి, అవీస్, ఆ రోజు నీకు చెప్పింది ఉత్తిదే అనమంటావా?”

“అమ్మకి వినిపించదు కదా పిన్నీ.”

“నాకు వినిపిస్తుందే.”

జున్ను తిరగేసి రెండో వైపు ఉప్పు రాసింది. రాస్తూనే, తనకూ కావాలనే ఉండేదని, రాల్ఫ్‌ను కావాలనుకున్నట్టు మళ్ళీ దేన్నీ అనుకోలేదని, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి తలుపు గడియ వేసుకుని ఏడ్చానని చెప్పింది. మామూలు గొంతుతోనే చెప్పింది. మరి ఆ పేరు నేను పారేసుకున్నప్పుడు ఏమీ అనలేదేం అన్నాను. అది నీకు ఇచ్చేసిన పేరు, ఇచ్చాక నాది కాదు కదా అంది. బిషప్ పెట్టిన పేరు మళ్ళీ మార్చడానికి ఉండదు. నేను ఏడవడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

ఒక దారి మిగిలి ఉంది. నాకు ఆడపిల్ల పుడితే ఆవిడ చేత ఎత్తించవచ్చు. పెళ్ళయ్యాక దేవుడు నాకు ఇద్దరినీ మగపిల్లలనే ఇచ్చాడు. ఆడమ్‌కు కూతురు పుట్టింది. గున్నిల్డ ఆ రోజు మంచి బట్ట కట్టుకుని వచ్చింది. ఆడపిల్లకు ఇద్దరు జ్ఞానతల్లులు ఉంటారు, ఎత్తుకునేది మొదటావిడ, పక్కన నిలబడేది రెండో ఆవిడ. ఆడమ్ పెళ్ళాం మొదటి చోటికి మునసబు కోడలు ఆలిస్‌ను పిలిచింది. నా కూతురికి ఆ పాత పేరొద్దు మొర్రో అని మొగుడితో ముందే తేల్చి చెప్పిందట. గున్నిల్డ రెండో చోట నిలబడింది. ఆలిస్ అనే పేరు చదువుతుంటే, దుప్పటి కింద పిల్ల పాదం ఒకటి చేతిలో పట్టుకుని ఉంది. అప్పటికి ఆవిడకు అరవై దగ్గర పడ్డాయి, ఇక ఎవరూ బిడ్డను ఎత్తుకోమని పిలిచేది లేదని అక్కడున్న అందరికీ తెలుసు. నాన్న స్తంభం పక్కన నిలబడి, ఆ చేతినే చూస్తున్నాడు.

ఆ ఏడు పంటలు ఇంటికి చేరాక నాన్న తన భూమిని ఆడమ్‌కు అప్పగించడానికి కచేరీకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మా దగ్గర భూమి ఇవ్వాలంటే ముందు దొరకు అప్పగించాలి. ఇచ్చే మనిషి కర్ర కొన దివాను చేతికి ఇస్తాడు, దివాను ఆ కర్రనే పుచ్చుకునే మనిషికి ఇస్తాడు. పాత గుమాస్తా పోయాడు. కొత్తవాడు లింకన్ నుంచి వచ్చిన కుర్రవాడు, ఊళ్ళో ఎవరినీ ఎరగడు. తోలు చుట్ట విప్పి, కలం ముంచి, పేరడిగాడు. రాల్ఫ్ అన్నాడు నాన్న. ఇందులో ముగ్గురు ఉన్నారు, ఏ రాల్ఫ్ అన్నాడు గుమాస్తా.

ఆస్బర్ట్ కొడుకునని చెప్పడమే తరువాయి. ముప్పై ఏళ్ళుగా అక్కడ ఉన్నది అదే. ఆడమ్ నోరు తెరవబోతే, నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

“గున్నిల్డ రాల్ఫ్,” అన్నాడు.

కలం ఆగింది. గున్నిల్డ అంటే ఎవరు, మీ అమ్మగారా అని అడిగాడు గుమాస్తా.

“కాదు. అలాగే రాయండి. వీడు గున్నిల్డ ఆడమ్. వీడి పిల్లలకీ అదే.”

ఎవరూ నవ్వలేదు. పెద్దమనుషుల బల్ల మీద ఉన్నవాళ్ళలో ఒకప్పుడు నవ్విన ముసలివాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళు నేల చూశారు. గుమాస్తా రాసుకుని, పైకి చదివాడు. నాన్న కర్ర వదిలిపెట్టాడు.

గున్నిల్డ కాళ్ళు వాచి అప్పటికి నెల రోజులుగా మంచం మీదే ఉంది. నేను ఆ పొలాల మీంచి పరుగెత్తినంత పరుగు మళ్ళీ ఎన్నడూ పెట్టలేదు. వెళ్ళి చెప్పాను. ఆవిడ వెంటనే నమ్మలేదు.

“ఎవరన్నారు, ఆడమా?”

“నాన్నే పిన్నీ. తన నోటితోనే.”

“గుమాస్తా రాశాడా?”

“రాశాడు. పైకి చదివాడు.”

“నవ్వారా?”

“లేదు.”

చాలాసేపటికి కిటికీ చెక్క తియ్యమంది. ఈదురుగాలికని మూసి ఉంచిన కిటికీ అది, మా గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. తీశాను. నాన్న కచేరీ నుంచి వచ్చి మా గుమ్మంలో కూర్చుని చెప్పుల మట్టి గీకుతున్నాడు. ఇటు చూశాడు, మళ్ళీ చెప్పు వైపు చూసుకున్నాడు. వీధి దాటి రాలేదు. ఆవిడా రమ్మనలేదు. మధ్యలో ఎనిమిది అడుగుల బురద, అంతే. వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకుని లాక్కురావాలనిపించింది, కాని ఆ ఇద్దరి ముందు నేను ఎప్పటికీ చిన్నదాన్నే. ఆ చెక్కను మళ్ళీ మూయనివ్వలేదు ఆవిడ. ఉపవాస దినాలు రాకముందే పోయింది. నాన్న ఆ మరుసటి ఏడు పోయాడు. ఇద్దరినీ ఒకే ఆవరణలో, వేరు వేరు మూలల్లో పెట్టారు.

ఇప్పుడు నాకు ఆవిడ వయసు దాటింది. ఆడమ్ కూడా పోయాడు. వాడి కొడుకులూ మనవలూ కలిసి తొమ్మండుగురు, అందరికీ ఇంటిపేరు గున్నిల్డ. గున్నిల్డ జాన్, గున్నిల్డ పీటర్, ఇంకో గున్నిల్డ జాన్. దొరగారి తోలు చుట్టల్లో అదే, బీరు తాగేచోట అదే. ఆ పేరు ఏమిటని ఒకసారి వాళ్ళను అడిగి చూశాను. ఏదో ఊరి పేరై ఉంటుందని ఒకడు, ముత్తాత ఎవరో యుద్ధం చేసిన మగాడై ఉంటాడని ఇంకొకడు చెప్పారు. ఒక ఆడమనిషని చెప్పాను. జున్ను చేసేదని, పెళ్ళి కాలేదని చెప్పాను. పెళ్ళి కాని ఆవిడ మనకెలా చుట్టమవుతుంది అవ్వా అని నవ్వి, పనికి వెళ్ళిపోయారు.

మొన్న గొర్రెల ఉన్ని కత్తిరించే చోట నేను గడ్డివామి నీడలో కూర్చుని ఉన్నాను. దూరం నుంచి ఎవరో గున్నిల్డా అని కేక వేశారు. ఆడమ్ మనవలు ముగ్గురు తలలు తిప్పారు. వాళ్ళకంటే ముందే నేను లేచి నిలబడ్డాను.

“నిన్ను కాదవ్వా, కూర్చో,” అన్నాడు చిన్నవాడు. “నువ్వు మటిల్డవి కదా.”

అవును నాయనా, నన్ను కాదు అని కూర్చున్నాను.